కడిగిన సీసాలు

పోయిన వారం మునిరత్నమ్మను కూల్ డ్రింక్స్ ఫ్యాక్టరీ గేటు ముందర ఎండలో నిలబెట్టి వెళ్లిపోయాను. అందుకు కొందరు కోప్పడుతూ కార్డులు రాశారు. పుత్తూరు నుంచి ఒకావిడ అలివేలమ్మ కాలు నయమైందో లేదో ఒక్క ముక్క రాయమని అడిగారు. నయం కాలేదమ్మా. నయమయ్యే కథే అయితే నాచేత ఇన్ని వారాలు రాయించేది కాదు.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. అలిపిరి నుంచి కొండెక్కే మెట్లదారిలో యాత్రికులు తాగి పారేసిన సీసాలు పగిలి, ఉత్త కాళ్లతో నడిచేవాళ్ల పాదాలు తెగుతున్నాయని నాలుగేళ్ల కింద సర్కారు ఒక ఉత్తర్వు తెచ్చింది. కూల్ డ్రింకు కొన్నవాడు పావలా డిపాజిట్ కట్టాలి. ఖాళీ సీసా ఎవరు తెచ్చి ఇచ్చినా ఆ పావలా వాళ్లకు ఇచ్చేయాలి. దేవుణ్ణి చూడబోయే తొందరలో ఉన్నవాడికి పావలా కోసం వెనక్కి తిరిగే ఓపిక ఉండదు. కొండ కింద గుడిసెల్లో ఉండే పదహారు మంది ఆడవాళ్లకు ఆ ఓపిక ఉంది. మెట్లదారి పొడుగునా సీసాలు ఏరి తెచ్చి బతకడం మొదలుపెట్టారు.

వాళ్లు ఒక చీటీ కూడా కట్టుకున్నారు. డబ్బుతో కాదు, సీసాలతోనే. డబ్బయితే కొంగున ఎంత గట్టిగా ముడేసినా మొగుడు విప్పుకొని సారా అంగడికి పోతాడు. సీసాలను వానలకు పారే వంక పక్కన ఇసుకలో పాతిపెడితే, తవ్వి మోసుకుపోయే ఓపిక తాగుబోతుకు ఉండదు. నెలకు మనిషికి డెబ్బై సీసాలు గోతిలో వేయాలి, నెలాఖరున ఒక్కొక్కరి వంతు. గోతికి కాపలా, చీటీకి పూచీ మునిరత్నమ్మ. సీసా అంటే ఎప్పటికీ పావలాయే అని నమ్మడం ఒక్కటే వాళ్లు చేసిన తప్పు.

ఈ నెల వంతు అలివేలమ్మది. మూడు వారాల కింద మెట్ల మీద గాజుపెంకు దిగి ఆమె కుడికాలు చీలమండ దాకా నల్లబడింది. సోమవారానికల్లా డబ్బుతో రాకపోతే కాలు దక్కదని వేలూరు ఆసుపత్రిలో చెప్పి పంపించారు. సరిగ్గా అప్పుడే తెలిసింది, ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి సీసాల ఉత్తర్వును నిలిపేస్తున్నారని. గోతి తవ్వి, రెండు ఎద్దుబండ్ల నిండా పదకొండు వందల ఇరవై సీసాలు వేసుకొని, గడ్డి పరిచి అలివేలమ్మను కూడా బండిలో పడుకోబెట్టుకొని, మార్చి ముప్పై ఒకటో తేదీ శనివారం పొద్దున్నే రేణిగుంట రోడ్డు మీది ఫ్యాక్టరీకి వచ్చారు. గేటు మాత్రం తెరుచుకోలేదు. అక్కడ ఆపాను కథను.

పదకొండు గంటలకు గేటు తెరిచారు.

కౌంటరు దగ్గర గుమాస్తా గంగాధరం కూర్చొని ఉన్నాడు. నుదుటి నామం చెరగకుండా చెమట తుడుచుకోవడం తెలిసిన మనిషి. సంచిలోంచి ఒక సీసా తీసి, తలకిందులు చేసి, బల్ల మీద రాలిన చిటికెడు ఇసుకను వేలితో చూపించాడు.

"ఇసక ఉండాది మే దీంట్లో. ఇట్ల తీసుకునేదానికి లేదు. కడిగి తీసుకొని రాండి."

నాలుగేళ్లుగా ఇసుకతోనే తీసుకుంటున్నారు కదా సామీ అని మునిరత్నమ్మ అడిగింది. ఈ పొద్దు నుంచి ఇంతే అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే పైకి, మేడ మీది ఆఫీసు వైపు చూపించాడు. ఆవరణలో కొళాయి ఉంది, తొట్టి ఉంది, తొట్టిలో సోడా కారం కలిపిన నీళ్లున్నాయి, కడుక్కోవచ్చు అని మర్యాదగానే చెప్పాడు. కౌంటరు అయిదు దాకా ఉంటుందని కూడా చెప్పాడు.

మేడ మీదినుంచి టైపు మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు విని మునిరత్నమ్మకు కొంచెం ధైర్యం వచ్చింది. అది ఆమె కూతురు పంకజాక్షి వేళ్ల చప్పుడు. సీసాలు ఏరి పదో తరగతి చదివించి, సీసాలు ఏరి టైపు నేర్పించి, ఎనిమిది నెలల కింద ఈ ఫ్యాక్టరీ ఆఫీసులోనే ఉద్యోగంలో చేర్పించింది. రెండు నెలలుగా బస్సుకు కష్టంగా ఉందని ఊళ్లోనే ఎవరితోనో గది తీసుకొని ఉంటోంది పంకజాక్షి. పొద్దున బండి ఎక్కేటప్పుడు మిగతా ఆడవాళ్లు భయపడుతుంటే, మా పాప ఆడ ఆఫీసులో ఉండాది, మనకేం భయమని మునిరత్నమ్మ గొప్పగానే చెప్పింది. పాప కిటికీలోంచి చూస్తుంది, దిగి వస్తుంది, ఒక మాట వేస్తుంది అనుకుంది.

పదిహేను మంది తొట్టి చుట్టూ కూర్చున్నారు. అలివేలమ్మను బండితో సహా కానుగ చెట్టు నీడలోకి తోశారు.

సోడా కారం సంగతి ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు తెలుసు. వాళ్లు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకొని గానీ ఆ తొట్టిని ముట్టుకోరు. ఆ తొడుగులు గదిలో పెట్టి తాళం వేసి ఉన్నాయి. శనివారం ఒంటిపూట పని ముగించుకొని పోతున్న ఒక పనివాడు, ఆ నీళ్లలో చేతులు ఎక్కువసేపు పెట్టొద్దని చెప్పబోయాడు. గంగాధరం తలెత్తి చూడగానే సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. మంచివాడే పాపం. మంచివాళ్లందరికీ సైకిళ్లు ఉంటాయి, నేను గమనించాను.

మొదటి వంద సీసాలకు ఏమీ తెలియలేదు. వాళ్లలో సంతోషమ్మ తన అలవాటు కొద్దీ చర్చిలో పాడే పాట ఏదో గొంతులో సన్నగా పాడుకుంటూ కడిగింది. రెండు వందలు దాటేసరికి పాట ఆగిపోయింది. మధ్యాహ్నానికి వేళ్ల సందుల్లో తోలు తెల్లబడి ఊడిపోవడం మొదలైంది. కొంగులు చింపి చేతులకు చుట్టుకున్నారు. గుడ్డ తడిసిన తర్వాత మంట ఇంకా ఎక్కువైంది. ఎవరూ తినడానికి లేవలేదు. మూటల్లో తెచ్చుకున్న సంగటి ఎండలో అట్లాగే ఉండిపోయింది.

రెండు గంటలప్పుడు గేటు మళ్లీ తెరుచుకొని లారీ ఒకటి లోపలికి వచ్చింది. ఊళ్లో అంగళ్ల నుంచి తిరిగొచ్చిన ఖాళీ సీసాల పెట్టెలు దాని నిండా ఉన్నాయి. గంగాధరం పెట్టెలను లెక్కపెట్టాడే గానీ ఒక్క సీసానూ బయటికి తీయలేదు. సంతోషమ్మ చూసింది.

"అక్కా, అంగడోళ్ల సీసాల్లో ఈగలు కూడా ఉండాయి. వాటినెవురూ కడగమన్లేదే."

మునిరత్నమ్మ కూడా చూసింది. లేచి వెళ్లి గంగాధరం మొహాన ఆ తొట్టి నీళ్లు కొట్టాలని ఉంది. అలివేలమ్మ కాలు గుర్తుకొచ్చి ఆగింది. కడగండి, అయిదు దాకా టైముండాది అని మాత్రం అంది. మేడ మీది కిటికీ వైపు మరోసారి చూసింది. టైపు మిషను ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. కిటికీ దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు.

మూడు గంటలకు కడగడం అయిపోయింది. పదకొండు వందల ఇరవై సీసాలు తెల్లగా, వరసలు వరసలుగా ఆవరణంతా ఆరుతున్నాయి. ఆ ఫ్యాక్టరీలోంచి కొత్త సీసా కూడా అంత శుభ్రంగా బయటికి వచ్చి ఉండదు. పదిహేను మంది చేతులు ఒళ్లో పెట్టుకొని వాటి పక్కన కూర్చున్నారు.

గంగాధరం లెక్క మొదలుపెట్టాడు. అంగళ్ల సీసాలను పెట్టె లెక్కన చూసినవాడు వీటిని ఒక్కొక్కటే ఎత్తి, వెలుతురుకు పెట్టి, మూతి దగ్గర బీట ఉందేమోనని గోరుతో తడిమి, దించి పెట్టాడు. వందకొకసారి లేచి మంచినీళ్లు తాగాడు. మునిరత్నమ్మ అతని పక్కనే నిలబడి సీసాలు అందించింది. తొందరపెడితే ఎక్కడ లేచిపోతాడో అని గట్టిగా ఊపిరి కూడా తీయలేదు. తొమ్మిది వందల ఎనభై ఆరో సీసా అతని చేతిలో ఉండగా అయిదు గంటల ఫ్యాక్టరీ కూత కూసింది.

గంగాధరం ఆ సీసాను జాగ్రత్తగా కింద పెట్టాడు. కౌంటరు రేకు దించాడు.

లెక్కయిన వాటికైనా ఇవ్వమని మునిరత్నమ్మ బతిమాలింది. లెక్కంతా అయితేనే డబ్బుకు చీటీ రాసేదానికి రూలు ఒప్పుతుందన్నాడు. పదకొండు గంటల నుంచి ఈడనే ఉండాము గదా అంది. ఉంటే ఏం, కడిగేదానికి మీరు తీసుకున్న టైముకు నేనేం చేసేది అన్నాడు. తాళం చెవి నడుముకు దోపుకుంటూ ఇంకో మాట చెప్పాడు.

"రేపట్నించి ఇవి ఉత్త గాజు. మల్ల బండ్లకెత్తుకొని పోతారో, ఈడనే పెట్టి పోతారో మీ ఇష్టం. పెట్టి పోతే మా ఓనరయ్య ఏమీ అనుకోడు."

ఎవరూ అరవలేదు. అరిచి గొడవ చేస్తారని గేటు దగ్గర ఇద్దరు మనుషుల్ని కర్రలతో పెట్టి ఉంచారు, వాళ్లకు పని లేకుండా పోయింది. దేవకమ్మ అనే ముసలామె మాత్రం తన కంటికి ఎదురుగా ఉన్న సీసాను ఎత్తి, లోపలికి తొంగి చూసి, ఇంకా ఏమైనా మురికి మిగిలిందేమోనన్నట్టు కొంగుతో తుడిచింది. బండిలోంచి అలివేలమ్మ గొంతు వినిపించింది. జ్వరంలో ఉంది, మధ్యాహ్నమంతా నిద్రపోయింది.

"అయిపాయనా అక్కా? వేలూరు బస్సు ఎన్నింటికి?"

ఏం చెప్పాలో తెలిస్తే నేనైనా ఇక్కడ రాసేవాణ్ణి.

అప్పుడు పిలుపు వచ్చింది. ఓనరు పరంధామయ్య వరండాలో కూర్చొని రమ్మంటున్నాడని.

పరంధామయ్య కోపిష్టి కాదు. కోపిష్టి అయితే ఇంత పని చేయలేడు, సగంలోనే అలిసిపోతాడు. ఆయన మునిరత్నమ్మకు కుర్చీ వేయించాడు. వద్దన్నా వినకుండా కూర్చోబెట్టాడు. మజ్జిగ తెప్పించాడు. గ్లాసు పట్టుకోవడానికి ఆమె వేళ్లు వంగకపోతే, అయ్యో అని, బల్ల మీద పెట్టి తాగమన్నాడు. గంగాధరం రూలంటే రూలే అనే మనిషని, వానికి మనసు లేదని, తనకు ఇప్పుడే తెలిసిందని చెప్పుకొచ్చాడు. అలివేలమ్మ కాలు గురించి అడిగాడు. ఎంతవరకు నల్లబడిందో కూడా అడిగాడు.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. ఉత్తర్వు ఇప్పటికి నిలుపుదలే గానీ పూర్తిగా రద్దు కాలేదు. బుధవారం చిత్తూరులో ఒక ఆఫీసరు విచారణ పెడుతున్నాడు. జనం ఏమంటారో విని రాసి పైకి పంపుతాడు. దాన్ని బట్టి ఉండేదో పోయేదో తేలుతుంది. పోతే పరంధామయ్యకు ఏం లాభమో ఆయన చెప్పలేదు, నేను చెబుతాను. పావలా పెట్టి తీసుకోవాల్సిన సీసా పాత సామాన్లవాడి దగ్గర రెండు పైసలకు దొరుకుతుంది.

"నీ సీసాలన్నిటికీ లెక్క కట్టి నా జేబులోంచి ఇప్పుడే ఇస్తాను మునిరత్నమ్మా. రెండు వందల ఎనభై. రూలుకూ దీనికీ సంబంధం లేదు. నువ్వు కూడా నాకొక సాయం సెయ్యాల."

సాయం ఒక కాగితం. టైపు కొట్టి సిద్ధంగా ఉంది. కింద మునిరత్నమ్మ వేలిముద్రకు చోటు వదిలి ఉంది. సీసాలు ఏరేవాళ్ల పెద్దగా ఆమె ఆ కాగితంలో రాసింది నిజమని ఒప్పుకుంటే చాలు. అందులో ఏముందని ఆమె అడిగితే, ఏమీ లేదు, మెట్లదారిలో గాజుపెంకుల సంగతే అన్నాడు. కాగితాన్ని ఆమె వైపు తిప్పి, ముద్ర వేయాల్సిన చోటు గోరుతో చూపించాడు.

మునిరత్నమ్మకు చదవడం రాదు. లోకంలో ఉన్న రాతలన్నిటిలో ఆమెకు ఒక్కటే తెలుసు, అది కూడా బొమ్మగా తెలుసు. కూతురు పదో తరగతిలో ఉండగా సంతకం నేర్చుకుంటానని గుడిసె గోడ నిండా బొగ్గుతో తన పేరు రాసింది. చివరి అక్షరం కింద తోక తీసి, వెనక్కి తిప్పి, పేరంతటికీ గీత కొట్టేది. సున్నం కొట్టే రోజున కూడా ఆ గోడ ఒక్కటి వదిలేసింది మునిరత్నమ్మ. పరంధామయ్య గోరుకు కొంచెం పైన, కాగితం మీద, ఆ తోక ఉంది.

ఆమె ఆ తోక మీద వేలు పెట్టింది.

"దీన్ని రాసినామెను పిలిపించండి సామీ. ఆమె నోటితో సదివితే ఇంటాను. ఇని ఏలుముద్ర ఏస్తాను."

పరంధామయ్య నవ్వాడు. ఆ నవ్వు నాకు అసహ్యం. ఒకళ్ల కడుపు కోతను ముందు వరసలో కూర్చొని చూసే అవకాశం దొరికిన మనిషి నవ్వు అది. తప్పకుండా అన్నాడు. ఆడవాళ్లందరినీ వరండా మెట్ల దగ్గరికి రమ్మన్నాడు, అందరూ విననీ అని. అలివేలమ్మ బండిని కూడా దగ్గరికి తోయించాడు.

పంకజాక్షి మేడ దిగి వచ్చింది. వాయిల్ చీర, కాళ్లకు చెప్పులు, చేతిలో ఇంకు పెట్టె. తల్లి కుర్చీలో కూర్చొని ఉండటం చూసి మెట్టు మీదే ఆగింది. పరంధామయ్య రా పాపా, సదువు అన్నాడు. గంగాధరం ఆ కాగితానికి కార్బన్ కాపీ చేతిలో పట్టుకొని స్తంభానికి ఆనుకున్నాడు.

ఆమె చదివింది. సీసాలు ఏరే ఆడవాళ్లు పావలాకు ఆశపడి మెట్ల మీద ఒకరితో ఒకరు పెనుగులాడి సీసాలు పగలగొడుతున్నారని చదివింది. యాత్రికులు తాగుతుండగానే చేతుల్లోంచి లాక్కుంటున్నారని చదివింది. మార్చి ఎనిమిదో తేదీన అలివేలమ్మ అనే ఆమె అట్లా లాక్కోబోయి పగలగొట్టిన సీసా మీదే కాలు వేసి గాయపడిందని చదివింది. మెట్ల కింద వంక పక్కన ఇసుక గోతిలో వెయ్యికి పైగా సీసాలు దాచి ఉంచారని, దానివల్ల ఆ దారిన పోయేవాళ్లకు అపాయమని చదివింది.

గోతి సంగతి రాగానే ఆడవాళ్లలో కదలిక పుట్టింది. ఆ గోతి ఎక్కడుందో వాళ్ల మొగుళ్లకే సరిగ్గా తెలియదు. పదహారు మందికి తెలుసు. పదిహేడో మనిషి ఎవరో వాళ్లందరికీ ఒక్కసారే అర్థమైంది. చిన్నప్పుడు వానాకాలంలో ఆ వంక దాటించి పంకజాక్షిని బడికి మోసుకుపోయింది అలివేలమ్మ. అప్పుడు ఆమెకు రెండు కాళ్లూ బాగుండేవి.

అయిపోయిందని పంకజాక్షి కాగితం కిందికి దించింది. గంగాధరం తన కాపీలోంచి తలెత్తాడు.

"ఒక వాక్యం ఇడిసిపెట్టినావు పాపా. ఆకరుది."

ఆమె పరంధామయ్య వైపు చూసింది. ఆయన మజ్జిగ తాగుతున్నాడు. గ్లాసు దించి, మూతి తుడుచుకొని, సదువు మరి అన్నాడు. ఏమీ తొందర లేదన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

పంకజాక్షి గొంతు చాలా చిన్నగా వచ్చింది. వినపడలేదు, మళ్లీ చదవమన్నాడు గంగాధరం. రెండోసారి అందరికీ వినిపించింది.

"ఈ పనులన్నీ చేయించే మునిరత్నమ్మ అనే ఆమెకూ నాకూ ఎలాంటి బంధుత్వమూ లేదు."

కూతురి సాక్ష్యానికి విచారణలో విలువుండదు కాబట్టి ఆ మాట రాయించాల్సి వచ్చిందని పరంధామయ్య వివరించాడు. తప్పుగా అనుకోవద్దన్నాడు. ఉత్త కాగితం మాటేలే అన్నాడు.

మునిరత్నమ్మ మొహంలో ఏం కనిపించిందని మీరు అడుగుతారు. ఏమీ కనిపించలేదు. సీసాలు ఆరుతున్న వైపు చూస్తూ కూర్చుంది. బండిలోంచి అలివేలమ్మ మోచేతి మీద కొంచెం లేచింది. చదివిన దాంట్లో ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు, గొంతు మాత్రం గుర్తుపట్టింది.

"పాపా, బాగుండావా?" అని అడిగింది.

పంకజాక్షి తల వంచుకొని ఇంకు పెట్టె మూత తీసింది.

డబ్బు ముందు సంతోషమ్మ చేతికి ఇవ్వమంది మునిరత్నమ్మ. పరంధామయ్య నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. సంతోషమ్మ తోలు ఊడిన వేళ్లతో వాటిని పట్టుకోలేక కొంగులో వేయించుకుంది. దేవకమ్మ అప్పుడు ముందుకు వచ్చింది. మనమే పగలగొట్టినామని మన నోటితో మనమే ఒప్పుకుంటే, పావలా మాట అట్లుండనీ, రేపట్నుంచి ఆ మెట్ల మీద మనల్ని కాలు పెట్టనిస్తారా అని అడిగింది. ముద్ర వేయొద్దంది. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా వద్దన్నారు. ఆ మాట అన్నవాళ్లు ఎవరూ అలివేలమ్మ వైపు చూడలేదు.

"అలివేలుకి కాలుంటే గదా దేవకమ్మా, మెట్ల సంగతి." అంతే అంది మునిరత్నమ్మ.

బొటనవేలు ఇంకులో అద్దింది. సోడా కారం తిన్న వేలు, మీది గీతలన్నీ చెరిగిపోయి ఉన్నాయి. కాగితం మీద నల్లటి మచ్చ పడింది, ముద్ర పడలేదు. గంగాధరం గొణిగి, ఎడమచేతి వేలు పెట్టమన్నాడు. అదీ అంతే. చివరికి చిటికెన వేలు కొంచెం బాగుందని దానితో వేయించారు. పొద్దుటి నుంచి ఆ చేతుల్ని కాల్చినవాళ్లే ఇప్పుడు గీతలు లేవని విసుక్కున్నారు.

ఆమె కుర్చీలోంచి లేచింది. కూతురి ఎదురుగా వెళ్లి నిలబడింది. కొడుతుందనుకున్నారు అందరూ, పంకజాక్షి కూడా కళ్లు మూసుకుంది. మునిరత్నమ్మ ఆ వాయిల్ చీర కొంగు అందుకొని, బొటనవేళ్లు రెండూ, తర్వాత చిటికెన వేలూ, ఒక్కొక్కటే ఇంకు పోయేదాకా నిదానంగా తుడుచుకుంది. కొంగును మళ్లీ ఆమె భుజం మీదే సర్దింది. మెట్లు దిగి బండి దగ్గరికి నడిచింది.

సీసాలను ఎవరూ తిరిగి బండిలోకి ఎత్తలేదు. పరంధామయ్యకు కావాల్సిందీ అదే. పదకొండు వందల ఇరవై శుభ్రమైన సీసాలు ఆయన ఆవరణలో ఉండిపోయాయి. సోమవారం పొద్దున నింపుకోవచ్చు. అలివేలమ్మను వేలూరు బస్సు దాకా తీసుకుపోవడానికి సంతోషమ్మ బండెక్కింది, మిగిలినవాళ్లు వెనక నడవడానికి సిద్ధమయ్యారు.

బండి గేటు దాటుతుండగా చెప్పుల చప్పుడు వినిపించింది. పంకజాక్షి పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనక గంగాధరం చూస్తున్నాడేమోనని ఒకసారి తిరిగి చూసి, తల్లి చెయ్యి పట్టుకోబోయి, ఆ చేతిని చూసి భయపడి వదిలేసింది.

"మా, బుధవారం నువ్వు సిత్తూరుకి రావద్దు. యాత్రికుల కాళ్లు తెగినాయని కేసు పెడతా ఉండారు. ఎవుర్నో ఒకర్ని లోపలేయాలంట. ఆ కాగితం దానికే. మొదటి పేరు నీదే మా. నేనే టైపు కొట్టినాను."

మునిరత్నమ్మ ఆగింది. వెనక నడుస్తున్న ఆడవాళ్లు కూడా ఆగారు. ఆమె ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసింది. దారి అడిగిన కొత్త మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా, గొంతు పెంచకుండా అడిగింది.

"నువ్వెవురమ్మా, నాకు సెప్పేదానికి?"